లూ వారి కోడలు తిన్న లేహ్యం

ఉప్పు రేవు సందులో చలి మొదలైందంటే ఇప్పటికీ ఒక మాట లేస్తుంది. లూ వారి కోడలు సూమే, అత్తగారి కోసం ఆడపడుచు తెచ్చిన లేహ్యం తనే తినేసిందనీ, ముసలావిడకి ముల్లంగి నీళ్ళు పోసిందనీ, ఆవిడ చావు అంచుదాకా వెళ్ళింది అందువల్లేననీ. టోఫు అమ్మే పాంగ్ భార్య ఈ మాటకి పుట్టిల్లు. నిన్నగాక మొన్న కాపురానికి వచ్చిన పిల్లలు కూడా దాన్ని చెప్పుకుని నోళ్ళు నొక్కుకుంటున్నారని విన్నాక, ఇక లాభం లేదని కాగితం ముందేసుకున్నాను. నేను చదివింది చిన్నబడి వరకే. అయితేనేం, మా వంటింటి కిటికీకీ లూ వారి వంటింటి కిటికీకీ మధ్య మూరెడు దూరం. వాళ్ళ మూకుడులో మిరపకాయ పడితే మా ఇంట్లో తుమ్ములు. ఈ సంగతి చెప్పడానికి పాంగ్ భార్య కంటే నాకే ఎక్కువ హక్కు ఉంది.

ముందే చెప్పేస్తున్నాను. సూమే లేహ్యం తిన్న మాట నిజం. ముల్లంగి నీళ్ళు పోసిన మాటా నిజం. ఆ రెండు నిజాలకీ ముడివేసి అల్లిన కథ మాత్రం పచ్చి అబద్ధం.

సూమే కొండల వైపు పిల్ల. పెళ్ళికూతురుగా మా రేవులో పడవ దిగుతూ కాలు జారి మోకాళ్ళ దాకా కాలవలో దిగబడింది. సందంతా పగలబడి నవ్వింది. తనూ నవ్వింది. అప్పుడే నాకు నచ్చింది. తరవాత పట్టు మిల్లులో చేరింది. మరిగే నీళ్ళలో తేలే పట్టుకాయల మీంచి వేళ్ళతో పోగు కొస వెతికి పట్టే పని. మిల్లు మూసేదాకా ఆ పనే చేసింది. చలికాలంలో ఆమె వేళ్ళు కణుపుల దగ్గర పగిలి నెత్తురు చిమ్మేవి. గొర్రె కొవ్వు రాసుకుని గుడ్డపీలికలు చుట్టుకుని, ఆ చేతులతోనే బట్టలు ఉతికేది. భర్త గెన్‌షెంగ్ ఇటుకల పడవ మీద సరంగు. కొత్త సంవత్సరానికి తప్ప ఇంటిముఖం చూడడు. పిల్లలు కలగలేదు. ఇంట్లో ఎప్పుడూ ఉండేది ఆమె, అత్తగారు.

అత్తగారు లూ అవ్వ. చలికాలం ఎలా బతకాలో మా సందుకి నేర్పేది ఆవిడే, ఎవరూ అడగకపోయినా. మా వైపు మంచు పడేది తక్కువ, తడి చలి ఎక్కువ. ఉత్తరాది ఇళ్ళలోలా వేడి గొట్టాలు మాకు లేవు. కాళ్ళ కింద ఒక బూడిద కుంపటి, పక్కలో ఒక రాగి వేణ్ణీళ్ళ బుడ్డి, అంతే. చీకటి పడగానే పడుకోమనేది అవ్వ, ఎండ గోడెక్కాక గాని లేవొద్దనేది. చెట్టు తన సారాన్ని వేళ్ళలోకి దింపుకున్నట్టు మనిషి కూడా ఈ మూడు నెలలూ ఒంట్లో బలాన్ని లోపల దాచుకోవాలట. చెమట పట్టేంత పని చేస్తే దాచుకున్నదంతా ఆవిరైపోతుందట. అల్లం వేసిన వేడినీళ్ళలో పిక్కల దాకా కాళ్ళు పెట్టాలి, మెడ మీద గుడ్డ తీయకూడదు, తడి తలతో గడప దాటకూడదు. నా మనవరాలు మడమలు కనపడే లాగు వేసుకుని పోతుంటే చేతికర్ర అడ్డం పెట్టేది.

"ఏమే, ఆ మడమల్లోంచి దూరిన చలి ఇప్పుడు తెలీదు. నా వయసొచ్చాక మోకాళ్ళలో లేస్తుంది. అప్పుడు నన్ను తలుచుకుంటావు, నేనుండను!"

"నువ్వెక్కడికి పోతావు అవ్వా, యముడు కూడా నీ చేత తిట్లు తినలేక వదిలేశాడుగా," అనేది నా మనవరాలు. దానికి అవ్వ మురిసిపోయేది.

ఆ ఏడు పొడుగు రాత్రి పండగ ఇంకా రాకముందే కూతురు యున్‌ఫెంగ్ హాంగ్‌జౌ నుంచి వచ్చింది. ఏడాదిలో అన్నిటికంటే పొడుగైన రాత్రి వచ్చే ఆ పండగనాడే మా వాళ్ళు బలానికి లేహ్యం మొదలుపెడతారు. యున్‌ఫెంగ్ చేతిలో మూతికి ఎర్రగుడ్డ కట్టిన జాడీ. పెద్ద మందుల కొట్లో తల్లి నాడి వివరం చెప్పి, ఆమె కోసమే కాయించిందట. జిన్సెంగు వేరు, గాడిద తోలు జిగురు, ఎండు రేగుపళ్ళు, నల్ల నువ్వులు, అక్రోటు పప్పు, కలకండ. రాగి పాత్రలో పొద్దస్తమానం కలియబెట్టి, గరిటె ఎత్తితే జెండాలా వేలాడేంత చిక్కగా తీశారు. ఎర్రగుడ్డ విప్పగానే ఆ వాసన మా వంటింట్లోకి వచ్చింది. వాసన వచ్చాక వెళ్ళి చూడకుండా ఎలా ఉంటాను?

"వదినా, పండగనాటి పొద్దున మొదలుపెట్టు," అంటోంది యున్‌ఫెంగ్. "పరగడుపున చెంచాడు, వేణ్ణీళ్ళలో కలిపి. వసంతం వచ్చేదాకా ఒక్కరోజు తప్పకూడదు. ముల్లంగిని గడప తొక్కనివ్వకు. జిన్సెంగు బలం మొత్తం లాగేస్తుంది."

"తెలుసు," అంది సూమే.

"అన్నీ తెలుసంటావు. పోయినేడు అమ్మ ఎంత చిక్కిపోయిందో కళ్ళెదుటే ఉన్నా నీకు కనపడలేదు. ఈ చలికాలం కూడా ఇలాగే ఐతే చెప్తున్నా, నేను తీసుకుపోతాను. ఐదో అంతస్తయితేనేం, కన్న కూతురి దగ్గరుంటుంది."

సూమే తలొంచుకుని, తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. అవ్వ మంచం మీద నిద్ర నటించింది. కూతురి పడవ మలుపు తిరిగాక గాని కళ్ళు తెరవలేదు.

"ఐదో అంతస్తట! అంత ఎత్తున చస్తే ఆత్మ కిందికి దిగడానికి దారెక్కడుంటుందే? మెట్లు ఎవరు చూపిస్తారు?"

అప్పుడు నవ్వుకున్నాం. ఇక ఆ తరవాతి సంగతులు నాకు తెలిసిన వరసలోనే రాస్తాను.

పండగ వెళ్ళిందో లేదో, ఒక పొద్దున నేను కిటికీ దగ్గర బియ్యం కడుగుతుంటే అవతలి నుంచి అవ్వ పిలుపు. గొంతు బొంగురుగా ఉంది.

"ఒసే షెన్! ఉన్నావా? ఇది నాకు నా కూతురి లేహ్యం పెట్టట్లేదే!"

"పెట్టకపోవడమేంటి అవ్వా, నిన్ననే మొదలవ్వాలిగా?"

"ఏదో కలిపి లేహ్యమని చెప్పి ఇచ్చింది. నేను ముసలిదాన్నయ్యాను గాని నా నాలుక ముసలిది కాలేదు. అది అల్లం బెల్లం నీళ్ళు!"

వెంటనే సూమే గొంతు: "అత్తయ్యా, గాలి కొడుతుంది, లేవకండి." కిటికీ తలుపు మూసుకుంది.

తల తిప్పి చూద్దును కదా, టోఫు తట్టతో పాంగ్ భార్య సందులో నిలబడి ఉంది. ఆమె చెవులు ఆ తట్టకంటే పెద్దవి.

అప్పట్లో టెలిఫోను రేవు చివర కిరాణా కొట్లో ఒక్కటే ఉండేది. యున్‌ఫెంగ్ అక్కడికి ఫోను చేసి వదినని పిలిపించేది. ఒకసారి నేను సోయా పులుసు సీసా నింపించుకుంటుంటే సూమే వచ్చి ఫోనెత్తింది. అవతలి మాటలు నాకు వినపడలేదు, ఎంత దగ్గరికి జరిగినా. ఇవతలివి మాత్రం విన్నాను.

"ఆ, బావున్నారు... తింటున్నారు... జాడీ మెడ దిగింది... లేదు, ముల్లంగి తేలేదు."

ఆమె చంకలోని బుట్టలో, క్యాబేజీ ఆకుల కింద, తెల్లటి ముల్లంగి తోక కనపడుతోంది. కొట్టువాడు చూశాడు, నేనూ చూశాను. ఫోను పెట్టేసి ఆమె ఆకులు సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ తరవాత ఆమెని చూసిన వాళ్ళందరికీ ఒకే అనుమానం వచ్చింది. ప్రతి చలికాలం పాలిపోయి ఉండే మొహం నిగనిగలాడుతోంది. బుగ్గలు పెళ్ళికూతురి బుగ్గల్లా ఎర్రబడ్డాయి. పెదాల మూలల్లో పుళ్ళు. అవతలేమో అవ్వ వాకిట్లోకి రావడం మానేసింది. గోడ ఇవతలికి దగ్గు వినపడుతోంది, పొడి దగ్గు కాదు, లోపల ఏదో కదిలే దగ్గు.

రేవు మెట్ల మీద బట్టలు ఉతుకుతున్నాం. పాంగ్ భార్య ఉండబట్టలేకపోయింది.

"ఏం సూమే, బుగ్గలు భలే పండాయే! ఏం తింటున్నావో మాకూ చెప్పవే."

"మిరపకాయలక్కా. మా కొండవాళ్ళం కదా."

ఆ మాట పూర్తవుతుండగానే ఆమె ముక్కులోంచి ఒక నెత్తుటి బొట్టు రాలి తెల్ల దుప్పటి మీద పడింది. దాని వెనకే ఇంకొకటి.

"మిరపకాయలకి ముక్కు కారుతుంది, నెత్తురు కారదు," అంది పాంగ్ భార్య నెమ్మదిగా. "మా ఆయనకి ఓసారి జిన్సెంగు వేడి ఎక్కువై ఇలాగే కారింది."

బట్టలు బాదే కర్రలన్నీ ఆగిపోయాయి. సూమే దుప్పటిని నీళ్ళలో ముంచి, పిండి, బుట్టలో వేసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

"చూశావా పిన్నీ?" అంది పాంగ్ భార్య నాతో. "ముసలావిడకి మిగిలింది కూడా దక్కనివ్వట్లేదు. తెల్లారగట్ల నల్లటిదేదో కాలవలో పారబోస్తుంటే నా కళ్ళతో చూశాను!"

నల్లటిదేదో అంటే సరిపోతుందా? అందరూ వెళ్ళాక కింది మెట్టు దాకా దిగి చూశాను. రాతి సందులో నాలుగు దాల్చిని పుల్లలు, ఉడికి మెత్తబడ్డ బాదంలాంటి గింజలు, ఒక నల్లటి ఆకు ఇరుక్కుని ఉన్నాయి. అది కషాయం కాచిన పిప్పి. లేహ్యంలో పిప్పి ఉండదు. చలి పట్టి ఛాతీలోకి దిగినవాళ్ళకి కాచే మందు అదని ఉప్పు రేవు సందులో పుట్టినవాళ్ళెవరైనా చెప్తారు.

మామూలుగా కషాయం పిప్పిని మేం సందు మధ్యలో పోస్తాం. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ తొక్కితే ఆ జబ్బు వాళ్ళ కాళ్ళ వెంబడి ఇల్లు వదిలిపోతుందని. ఏ ఇంటి ముందు ఏ పిప్పి ఉందో చూసి, ఆ ఇంట్లో ఎవరికేమైందో నేను చెప్పగలను. పిప్పిని సందులో పోయకుండా కాలవలో కలిపిందంటే, ఇంట్లో జబ్బు ఉందని సందుకి తెలియకూడదు. ఎందుకు తెలియకూడదు?

మా పాత వైద్యుడు జిన్ గారి వసారాకి వెళ్ళి అడిగాను, లూ అవ్వకి కషాయం రాస్తున్నారా అని.

"అల్లం బాగా పిరమైందటగా, షెన్ గారూ?" అన్నారాయన.

ఆయన అలా మాట మార్చారంటే రాస్తున్నారన్నమాట. నేను ఇంటికి వచ్చి, లూ వారి జల్లెడ మా ఇంట్లో ఎప్పటి నుంచో పడి ఉంటే, అది ఇచ్చే నెపంతో నేరుగా లోపలికి నడిచాను.

అవ్వ మూడు దిండ్ల మీద ఆనుకుని ఉంది. మొహం బూడిద రంగు. ఊపిరి తీస్తుంటే ఎక్కడో సన్నగా ఈల వేసినట్టుంది. నన్ను చూసి కళ్ళు తిప్పుకుంది. సూమే నన్ను పొయ్యి దగ్గరికి లాక్కుపోయింది.

"పిన్నీ, మీ కాళ్ళు పట్టుకుంటా, అరవకండి."

"నేనెప్పుడు అరిచానే?" అన్నాను, మామూలుగానే. ఆమె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

అప్పుడు చెప్పింది. పండగ ముందు రోజు తను పిండి కొనడానికి బజారుకి వెళ్తే, మురికి తలతో పెద్దలకి ఎలా నైవేద్యం పెడతానని అవ్వ తలంటుకుందట. సందంతటికీ నీతులు చెప్పిన మనిషి, తడి జుట్టు విరబోసుకుని గడపలో కూచుందట, ఎండ ఉందిగా అని. సాయంత్రానికి వణుకు, మెడ బిగుసుకుపోవడం. పొద్దున్నే లేహ్యం మొదలుపెట్టాలి. మా వాళ్ళలో తెలియనివాళ్ళు లేరు, బయటి చలి ఒంట్లో కూచుని ఉండగా బలం మందు పెట్టకూడదు. ముందు దాన్ని చెమటలోంచో దగ్గులోంచో బయటికి పంపాలి. అది పోకముందే లేహ్యం పెడితే లోపలే ఉండిపోతుంది, ఊపిరితిత్తుల్లో గూడు కడుతుంది. వంతెన దగ్గరి జీ తాత జలుబు మీద జిన్సెంగు వేసి వండిన కోడి తిని వసంతం చూడలేదు. జిన్ గారు కూడా అదే చెప్పారట: "ఇప్పుడు పెట్టే బలం ఆవిడకి చేరదమ్మా, జబ్బుకి చేరుతుంది."

"మరి ఆ ముక్క యున్‌ఫెంగ్‌కి చెప్పేయవే!"

"చెప్తే ఆ పూటే వచ్చి ఎత్తుకుపోతుంది. ఈ గాలిలో, ఈ ఛాతీతో, పడవలో. అక్కడికి మనిషి చేరుతుందా, శవం చేరుతుందా? చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నారు అత్తయ్య. చెప్పొద్దంటారు, లేహ్యమేమో పెట్టమంటారు. రోజూ పోట్లాటే. దగ్గు దగ్గే, లేహ్యం లేహ్యమే అంటారు."

"ఆ జాడీ సంగతేంటి? మెడ దిగిందన్నావు."

"దిగాలి కదా. ఆడపడుచు వచ్చి చూస్తుంది."

ఇంకో ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో లోపల దగ్గు తెర మొదలైంది, ఆగలేదు. సూమే పరుగెత్తింది. ముల్లంగి, అల్లం, ఉల్లికాడల తెల్ల భాగం వేసి కాచిన నీళ్ళు చెంచా చెంచాగా పట్టింది. కఫం తెగడానికి మా ఇళ్ళలో వాడేది అదే. లేహ్యం పెడుతున్న ఇంట్లో ముల్లంగి పాపం. పెట్టని ఇంట్లో అదే మందు. ఆ తేడా లోపలికి వచ్చి చూసినవాళ్ళకి గాని తెలియదు.

నేను నోరు మూసుకుని ఉన్నాను. నా నోరు మూతపడటం చూసి పాంగ్ భార్యకి అనుమానం రెట్టింపైంది. కిరాణా కొట్టుకి వెళ్ళి హాంగ్‌జౌకి ఫోను చేసింది.

గంజి పండగనాడు, సందులో ప్రతి ఇంట్లో ఎనిమిది రకాల గింజల గంజి ఉడుకుతుండగా, యున్‌ఫెంగ్ రేవులో దిగింది. సంచీ కూడా లేదు చేతిలో. ఆ నడక చూసి నేను గిన్నెలో గంజి పోసుకుని ఆమె వెనకే లూ వారింటికి వెళ్ళాను. ఇరుగుపొరుగు గంజి ఇచ్చిపుచ్చుకునే రోజు కాబట్టి ఎవరూ కాదనలేరు.

యున్‌ఫెంగ్ ముందు తల్లిని చూసింది. తరవాత అలమరలోని జాడీ తీసి మూత విప్పింది. సగం ఖాళీ. పొయ్యి పక్కన ముల్లంగి తొక్కలు. ఆమె వాటిని కాలితో తోసి వదిన వైపు తిరిగింది.

"సగం జాడీ తిన్న మనిషి ఇలా ఉంటుందా? ఎవరు తిన్నారు?"

సూమే వంగి ఆ తొక్కలు ఏరసాగింది.

"నిన్నే వదినా! మా అమ్మకి తెచ్చింది ఎవరు తిన్నారు?"

ఆ గదిలో పొయ్యి వేడి, మనుషుల వేడి. సూమే ముక్కులోంచి నెత్తురు సన్నగా జారి పెదవి మీదికి వచ్చింది. ఆమె తుడుచుకోలేదు. గడప దగ్గర నిలబడ్డ పాంగ్ భార్య "అమ్మమ్మమ్మా!" అంది.

యున్‌ఫెంగ్ మొహం తెల్లబోయింది. గిన్నె తీసుకుంది, జాడీలో చెంచా ముంచి ఒకటికి రెండు చెంచాలు వేసింది, కెటిల్లోంచి పొగలు కక్కే నీళ్ళు పోసి కలిపింది.

"అమ్మా, లే. ఇన్నాళ్ళూ పోయింది పోయింది. ఇది తాగు. సాయంత్రం పడవకి మనం వెళ్ళిపోతున్నాం."

అప్పుడు సూమే కదిలింది. మంచానికీ ఆడపడుచుకీ మధ్య నిలబడింది.

"అది పట్టొద్దు."

"తప్పుకో."

"జిన్ గారిని అడుగు. ఛాతీలో చలి ఉంది. ఇది లోపలికి పోతే ఆ చలి బయటికి రాదు. నన్నేమైనా అను, తరవాత అను. ఇది మాత్రం పట్టొద్దు."

"నీ మాట నమ్మాలా నేను? నెత్తురు తుడుచుకుని మాట్లాడు!"

యున్‌ఫెంగ్ భుజంతో ఆమెని పక్కకి నెట్టి గిన్నె తల్లి నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. సూమే తన అరచేతిని ఆ గిన్నెలో పెట్టేసింది. మూతలా, అడ్డంగా. పొగలు వస్తున్న నీళ్ళు ఆ పగిలిన వేళ్ళ మీదికి పొంగాయి. యున్‌ఫెంగ్ నెట్టింది, ఈమె తీయలేదు. ఇద్దరి మధ్యా గిన్నె వణుకుతోంది, లేహ్యం దుప్పటి మీద ఒలుకుతోంది. ఎవరి ఊపిరి వాళ్ళకి వినపడుతోంది. వాటన్నిటి మీదా అవ్వ ఈల.

"వదినా, చెయ్యి తియ్. కాలిపోతోంది."

"నువ్వు గిన్నె తియ్."

నా చేతిలో గంజి గిన్నె ఎక్కడ పెట్టానో నాకే తెలియదు. పాంగ్ భార్యని తోసుకుని బయటపడ్డాను. ఇంత ఒళ్ళేసుకుని నేను పరుగెత్తడం మా సందు చూడటం అదే మొదలు, అదే చివర. జిన్ గారిని గంజి ముందు నుంచి లేపి, చొక్కా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

మేం వచ్చేసరికి ఆ గిన్నె ఇంకా అక్కడే ఉంది. మారింది అవ్వ. పెదవులు బిగించి, మొహం గోడవైపు తిప్పేసుకుంది. కూతురు "అమ్మా, ఒక్క గుక్క" అంటోంది. అవ్వ తల అడ్డంగా ఊపుతోంది. లేహ్యం కోసం రోజూ పోట్లాడిన మనిషి. కోడలి చెయ్యి కనపడిందో, ఆ చెయ్యి ఎంతకీ వెనక్కి రాకపోవడం కనపడిందో మరి.

జిన్ గారు నాడి చూశారు, రెండు చేతులదీ, తీరిగ్గా. నాలుక చాపమన్నారు. యున్‌ఫెంగ్ ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది.

"పట్టలేదుగా?" అన్నారాయన గిన్నె చూపించి.

"లేదు."

"బతికించారు. నాలుక మీద తెల్ల పొర మందంగా ఉంది. అది పోయేదాకా వద్దు. ప్రయాణం అసలే వద్దు. జ్వరం సాయంత్రానికి దిగకపోతే నర్సుని పిలిచి సూది మందు వేయిద్దాం."

జ్వరం దిగలేదు. నర్సు వచ్చింది, సూది వేసింది, కషాయమూ మరిగింది. ఏది పనిచేసిందని నన్నడగొద్దు, నాకు రెండిటి మీదా గౌరవమే. యున్‌ఫెంగ్ వెళ్ళలేదు. వదినతో మాట్లాడనూ లేదు. ఒకరు తలవైపు, ఒకరు కాళ్ళవైపు కూచుని ఆ ఇద్దరూ అవ్వ ఊపిరి లెక్కపెట్టినట్టు చూస్తూ ఉండిపోయారు. ఒక దశలో ఈల ఆగిపోయింది. ఊపిరే ఆగిందనుకుని ఇద్దరూ ఒక్కసారి లేచారట. అవ్వ పెద్దగా దగ్గి, గిన్నె నిండా కఫం కక్కి, చెమటతో తడిసిపోయి, "ఆకలేస్తోంది" అంది. ఆ కేక నా కిటికీలోంచి నేనూ విన్నాను. యున్‌ఫెంగ్ ఏడవడం కూడా విన్నాను. సూమే ఏడవలేదు. బియ్యం కొలిచి పొయ్యి మీద పెట్టింది.

మర్నాడు కషాయం పిప్పి తెచ్చి సందు మధ్యలో పోసింది యున్‌ఫెంగ్, అందరూ చూస్తుండగా. నేను కావాలని రెండుసార్లు తొక్కాను. పాంగ్ భార్య చుట్టు తిరిగి పోయింది.

నాలుక మీద పొర పోయాక, జిన్ గారు ఊఁ అన్నాక, జాడీలో మిగిలినది అవ్వే తింది, పండగలా పొద్దున్నే చప్పరిస్తూ. వసంతం వచ్చేసరికి చేతికర్రతో వాకిట్లో ఉంది. ఆ తరవాత ఇంకా కొన్ని చలికాలాలు చూసి, నేల మీదున్న ఇంట్లోనే, తన మంచం మీదే వెళ్ళిపోయింది. యున్‌ఫెంగ్ ఏటా లేహ్యం తెచ్చేది. వదినకి క్షమాపణ చెప్పినట్టు నేనైతే వినలేదు, విననిదంటూ పెద్దగా ఉండదు. కాని తీసుకుపోతానన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇదీ జరిగింది. ముసలావిడ చావు అంచుదాకా వెళ్ళింది తడి తల వల్ల. వెనక్కి వచ్చింది, పెట్టకూడనిది పెట్టకుండా ఒక మనిషి అడ్డం నిలబడటం వల్ల. పాంగ్ భార్య ఇది చదివించుకుని వింటే మంచిది.

ఇక మిగిలింది నా నాలుక చివర ఆగిపోయిన ప్రశ్న ఒక్కటే. అవ్వ పోయి, ఏడాది కర్మలు అయ్యేదాకా ఓపిక పట్టాను. నా విషయంలో అది చిన్న సంగతి కాదు. ఒక మధ్యాహ్నం రేవు మెట్ల మీద ఇద్దరమే ఉన్నాం. అడిగేశాను.

"ఒసే సూమే, జాడీ ఖాళీ అవ్వాలి, సరే. కాలవ గడప ముందే ఉంది. రోజుకో చెంచా పారబోస్తే నీ ముక్కూ బాగుండేది, నీ పేరూ బాగుండేది. ఎందుకు తిన్నావే?"

ఆమె చేతిలోని బట్ట పిండడం ఆపి, నీళ్ళవైపు చూస్తూ అంది:

"మొదటి రోజు పారబొయ్యడానికే వచ్చాను పిన్నీ. ఇదే మెట్టు. చెంచా ఊరికే ఒకసారి నాకాను. తియ్యగా ఉంది, కడుపులోకి వెచ్చగా దిగింది. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ నాకూ చలేస్తూనే ఉంది కదా."